పిల్లల మీద ఉన్న కొరమీను

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నప్పుడు మా గాలాల గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. గాలాల గ్రూపు అంటే తిరుపతి, పుత్తూరు, నగరి, చిత్తూరు వైపు సెలవు దొరికితే చాలు రాడ్లు భుజాన వేసుకుని చెరువుల వెంట తిరిగే నలభై మంది పెద్దమనుషులు ఫోన్లలో పెట్టుకున్న సంఘం. పెద్దమనుషులని మాకు మేమే అనుకుంటాం, మా ఇళ్ళల్లో మమ్మల్ని పిలిచే పేర్లు వేరే ఉన్నాయి. ఫోటోలో చిత్తూరు బ్యాంకులో పనిచేసే ఒకాయన మోచేతి పొడవున్న కొరమీనుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. కింద అప్పటికే ఇరవై బొటనవేళ్ళు లేచి ఉన్నాయి. నేనూ ఒకటి పెట్టబోయి, ఎందుకో ఫోటోని వేళ్ళతో సాగదీసి చూశాను. ఆయన భుజం వెనక నీళ్ళలో అరచేయంత మేర ఎర్రగా ఉంది. "వెనక ఆ ఎరుపేంటి సార్?" అని టైపు చేశాను. పంపకుండా చెరిపేశాను. ఫోన్ బోర్లా పెట్టి అలాగే కూర్చుంటే మా ఆవిడ వచ్చి, "ఏం అట్ల అయిపోయినారు, బీపీ మాత్ర ఏసుకున్నారా లేదా?" అంది. వేసుకున్నానని చెప్పాను. ఆ ప్రశ్న అడగాల్సిన వాళ్ళు గ్రూపులో ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. అడిగే హక్కు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

కొరమీను సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. అది గడ్డీ తామరాకులూ ఉన్న చోట మాటు వేసి, కప్ప గెంతినా పురుగు పడినా ఎగిరి అందుకునే చేప. నీళ్ళలో ఉంటూనే మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. వానలు పడి చెరువుల్లోకి కొత్త నీళ్ళు వచ్చాక గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. పిల్లలు వందల సంఖ్యలో ఒకే గుంపుగా తిరుగుతాయి, ఒంటి రంగు ఎరుపు. గాలి కోసం అన్నీ ఒక్కసారి పైకి వస్తే ఆ కాస్త చోటే సన్నటి జల్లు పడుతున్నట్టు నీళ్ళు చిటపటలాడతాయి. వాటి కిందనే ఆడదో మగదో, ఒక్కోసారి రెండూనో, కాపలా ఉంటాయి. ఆ రోజుల్లో వాటికి తిండి ధ్యాస ఉండదు. గుంపు దగ్గరికి ఏది వచ్చినా సరే, తరిమి కొట్టడమే పని. కాబట్టి పిల్లల మీద ఉన్న కొరమీనుని పట్టడం చాలా తేలిక. అందుకే మాలో కాస్త సిగ్గున్న వాళ్ళెవరూ ఆ పని చేయరు.

నేను గాలం పట్టింది యాభై దాటాక. విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో గుమాస్తాగా, మార్కుల పట్టికల మధ్య జీవితం గడిపినవాణ్ణి. గుండె డాక్టరు ఒకాయన నా కాగితాలు తిరగేసి, ఏదైనా ప్రశాంతమైన వ్యాపకం పెట్టుకోమన్నాడు. కొండెక్కి నడవమంటాడేమోనని భయపడుతున్న నాకు అది వరంలా వినిపించింది. మా ఆవిడ మాత్రం, "చేపలు కావాలంటే మార్కెట్టు ఉండాది కదా, దానికి పొద్దున్నే లేసి పోయి ఎండలో నిలబడాల్నా?" అని అడిగింది. మొదటి ఏడాది ఆమె మాటే గెలిచింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి, మధ్యాహ్నానికి నల్లబడి తిరిగి వచ్చేవాణ్ణి, దారిలో మార్కెట్లో కొనుక్కుని వస్తే ఇంట్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఎందుకంటే అవి సముద్రం చేపలు.

నగరన్న పరిచయమైంది ఆ రోజుల్లోనే. అన్నకి అసలు పేరు వేరే ఉంది, అది ఇక్కడ రాయను. నగరిలో ఇంటి ముందు వసారాలో రెండు మరమగ్గాలు ఆడించే నేతగాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నగరికీ పుత్తూరుకీ మధ్య ఒక చెరువు గట్టు మీద కలిశాం. ఏ చెరువని అడగకండి. భార్యకి జీతం చెప్పనివాడైనా ఉంటాడేమో గానీ, చేప పట్టిన చెరువు పేరు ఇంకొకరికి చెప్పే గాలంవాడు ఉండడు. నేను వానపాములతో కుస్తీ పడుతుంటే ఆయన పక్కన వచ్చి నిలబడి, చాలాసేపు చూసి, "ఆ పాపం ఎందుకబ్బా, ఇది ఏసి సూడు" అని చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో దూది మీద నాలుగు పురుగులు. ముట్టుకుంటే గానీ తెలియలేదు, అవి పురుగులు కావు, పుంజు మెడ ఈకలూ మేక తోక వెంట్రుకలూ పట్టుదారంతో గాలపు ముల్లుకి చుట్టి కట్టినవి. కడుపు చుట్టూ ఒక్క జరీ పోగు తిరిగి ఉంది. కట్టినవాడికి తప్ప ఇంకెవరికీ ఆ ముడి ఎక్కడుందో దొరకదు. మగ్గం మీద పోగు తెగితే నేతగాళ్ళు రెండు వేళ్ళ మధ్య వేసే ముడి అది, అన్న దాన్నే ఇక్కడా వేసేవాడు.

ఈ విద్య ఆయన ఫోన్‌లో నేర్చుకున్నాడు. ఎక్కడో చలిదేశంలో తెల్ల గడ్డం ఉన్న ఒక ముసలాయన బల్ల ముందు కూర్చుని, ఏటి చేపల కోసం ఈకలు చుట్టే వీడియోలు. ఆయన మాట్లాడే ఇంగ్లీషు అన్నకి ఒక్క ముక్క అర్థం కాదు. ఒకసారి నేను పక్కన కూర్చుని తర్జుమా చేయబోతే, "నువ్వు ఊరికుండు సామీ, ఆయన చేతులు చెప్తాండాయి" అన్నాడు. ఆ చలిదేశం పక్షుల ఈకలు మనకి యాడ దొరుకుతాయని, నాటుకోడి పుంజుల మీద పడ్డాడు. వీధిలో ఎవరింట్లో పుంజు కోసినా మెడ ఈకలు అన్నకి వచ్చేవి. మగ్గం పక్క చెక్కకి ఒక చిన్న ఇనుప బిగింపు బిగించుకుని, కండెలో దారం అయిపోయేలోగా రెండు చుట్లు, కండె మార్చాక రెండు చుట్లు, అలా రోజుకి ఒకటి కట్టేవాడు. వదినమ్మ, "ఆయప్పకి మగ్గం చిన్నిల్లు, ఆ పురుగులు పెద్దిల్లు" అనేది. అన్న నవ్వేవాడు, కాదనేవాడు కాదు.

కట్టినవి అమ్మేవాడు కాదు. అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు, అడగడానికి మొహమాటపడే నాలాంటి వాళ్ళ జేబులో తానే పెట్టేవాడు. బదులుగా ఒక్కటే కోరేవాడు. చేప పడితే, పడకపోయినా, వచ్చి చెప్పాలి. నీళ్ళు ఎట్లా ఉన్నాయి, ఎండ ఎంత, చేప కింది నుంచి వచ్చిందా పక్క నుంచి వచ్చిందా, మింగిందా, పెదవితో తట్టి వదిలేసిందా. అవన్నీ విని, మర్నాడు కట్టే దాంట్లో ఒక ఈక తీసేసేవాడు, ఒక చుట్టు పెంచేవాడు. "అబద్ధం మాత్రం చెప్పద్దబ్బా" అని నాతో మొదట్లోనే అన్నాడు. "నాకు చెరువు కాడికి రానయ్యేది వారానికి ఒక దినం. మిగతా ఆరు దినాలు మీ కండ్లే నాకు కండ్లు. మీరు చెప్పేదాన్ని బట్టే నేను కట్టేది." ఇంకొక మాట కూడా ఆ రోజే చెప్పాడు. పిల్లల మీద ఉన్నదాన్ని కొట్టవద్దని. "అది పాపమా పున్నెమా అనేది పక్కన పెట్టు. ఆకలేసి కొరికితే నా పురుగు బాగుండాదని అర్థం. కోపమొచ్చి కొరికితే దాంట్లో నా గొప్పేముండాది? చెప్పు ఇసిరినా కొరుకుతాది."

తర్వాతి రెండేళ్ళలో నేను కూడా చేపలు పట్టడం నేర్చుకున్నాను, కానీ చిన్నవి. గ్రూపులో అందరికీ ఒక్కో పెద్ద చేప ఉంది, ఫోటోతో సహా. నాకు లేదు. గట్టు మీదికి నేను రాగానే, "సార్ వచ్చినాడప్పా, ఈ పొద్దు చేపలకు లీవు" అని ఒకరు, "సార్ చేపలకు కూడా సప్లిమెంటరీ పెడతాడు" అని ఇంకొకరు. నేనూ నవ్వేవాణ్ణి. ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఎన్ని మాటలు పడ్డా పట్టించుకోనివాణ్ణి, ఈ చేపల మాట మాత్రం ఇంటిదాకా మోసుకొచ్చేవాణ్ణి. యాభై ఆరేళ్ళ మనిషికి అంత రోషం ఉండటం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు.

మూడేళ్ళ కిందట వానలు మొదలైన నెలలో అన్న నాకోసమని ఒకటి కట్టాడు. నల్ల పుంజు ఈకలు, ఎండలో పెడితే పచ్చగా మెరిసేవి. కడుపుకి ఒక జరీ పోగు, తోకకి నాలుగు మేక వెంట్రుకలు. పది రోజులు పట్టిందట. "దీంతో నీ దరిద్రం తీరల్ల" అని చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం ఆయనకి చీరల పని తొందరగా ఉండి రాలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. రెండు గంటలు విసిరాను, ఏమీ లేదు. ఇక లేచిపోదామని గట్టు చివరికి నడిచేసరికి, తామరాకుల పక్కన నీళ్ళు చిటపటమన్నాయి. ఎర్రగా, బుట్టంత గుంపు.

చూడగానే తెలిసింది, ఏమిటో. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. కాసేపు నిలబడి చూద్దామనుకున్నాను. తర్వాత, గుంపుకి దూరంగా ఒక్కటి విసిరితే తప్పేముందనుకున్నాను. రెండోది అంత దూరంగా పడలేదు. మూడోది నేరుగా ఎరుపు మధ్యలో వేశాను. నీళ్ళు పగిలాయి, రాడ్ వంగింది, అంతకుముందు నా చేతులకి ఎప్పుడూ తెలియని బరువు తగిలింది. బయటికి లాగాక చూస్తే మూడు కిలోలకి తక్కువ ఉండదు. ముల్లు పెదవికి ఒక పక్కనే గుచ్చుకుని ఉంది. తీసి నీళ్ళలోకి జారవిడిచి ఉంటే అది తిరిగి తన గుంపు కిందికి వెళ్ళిపోయేది, నేను ఈ పేజీలు రాసేవాణ్ణి కాదు. దాన్ని తడి గోనెసంచిలో పెట్టి, ఒక ఫోటో తీసుకుని, చెప్పులు వేసుకుంటూ నీళ్ళ వైపు చూశాను. కాపలా పోయిన గుంపు మీదికి జిలేబీ చేపలు నాలుగు వైపుల నుంచి వచ్చి పడ్డాయి. ఎరుపు రెండు ముక్కలైంది, తర్వాత చిన్నచిన్న ముక్కలైంది, తర్వాత నీళ్ళ రంగు మామూలైంది. అంతా అయ్యేదాకా చూశాను. తర్వాత నడిచి రోడ్డు మీదికి వచ్చి నగరి బస్సెక్కాను.

సంచి విప్పగానే అన్న రెండు మగ్గాలూ ఆపేశాడు. చీరల పని తొందరగా ఉన్న రోజు, మగ్గాలు ఆగితే ఏదో జరిగినట్టే. వదినమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, పక్కింటి ఆయన గోడ మీంచి తొంగి చూశాడు. అన్న ఎవర్నీ పట్టించుకోలేదు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పు. యాడ? ఎట్ల కొరికింది? నిదానంగా చెప్పబ్బా" అన్నాడు.

"తామరాకుల పక్కనన్నా. ఖాళీ నీళ్ళు. రెండోసారి వేసినాను."

"పిల్లలేమన్నా ఉండినాయా?"

"లేవన్నా."

అంత చిన్న మాట. అక్కడితో ఆగి ఉన్నా కొంత నయంగా ఉండేది. మింగిందా, తట్టిందా అని ఆయన అడుగుతుంటే నేను కల్పించడం మొదలుపెట్టాను. పురుగు నీళ్ళ మీద పడి రెండు క్షణాలు ఆగిందనీ, జరీ మీద ఎండ పడిందనీ, చేప కింది నుంచి నిదానంగా లేచి చూసి చూసి అందుకుందనీ చెప్పాను. చెబుతుంటే నాకే బాగుంది. రెండోసారి చెప్పమంటే రెండోసారీ అంతే చెప్పాను, ఒక్క ముక్క తేడా రాకుండా. మార్కుల పట్టికలు సరిచూసిన అలవాటు. అన్న కళ్ళు చెమర్చాయి. "ఆకలితో కొరికింది అది" అని మా వదినమ్మకి చెప్పాడు, నాకు కాదు. ఆ మధ్యాహ్నం ఆ కొరమీనుతో మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నేను తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు అన్న వేరే పురుగు కట్టలేదు. అంతకుముందు అందరికీ చేపలు పడుతున్న కప్ప ఆకారం పురుగుని పక్కన పడేశాడు. నల్ల ఈక, జరీ పోగు, నాలుగు వెంట్రుకలు. ఇరవై కట్టాడో ముప్పై కట్టాడో, గ్రూపులో చాలామంది పెట్టెల్లోకి చేరాయి. ఒక్క చేప పడలేదు. మావాళ్ళు నిజాయితీపరులు, వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు. అన్న ప్రతిదీ విని, జరీ పలచన చేసేవాడు, మళ్ళీ మందం చేసేవాడు, పుంజు మార్చేవాడు. ఒకసారి నల్ల పుంజు కోసం సత్యవేడు దాకా పోయి వచ్చాడు. తప్పు పురుగులో లేదని ఆయనకి గట్టి నమ్మకం, ఎందుకంటే నేను చెప్పాను కదా. కాబట్టి తప్పు తన చేతిలో ఉండాలి. "ఆ దినం కట్టినట్టు మళ్ళ రాలేదబ్బా" అనేవాడు. నేను, "ఈ ఏడు చేపలే తక్కువన్నా" అనేవాణ్ణి. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొకటి. అయినా ఇది చిన్నది కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

చలికాలంలో ఆయన తిరుపతికి కళ్ళాసుపత్రికి వచ్చాడు. చూపు తగ్గి ముడి సరిగా పడటం లేదేమోనని అనుమానం. నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను, వరసలో నిలబడ్డాను, కళ్ళలో మందు వేస్తే చేయి పట్టుకుని నడిపించాను. ఆ ఉపకారమంతా ఆ రోజు నాకు గొప్పగా కనిపించింది. డాక్టరమ్మ చూసి, వయసుకి తగ్గట్టే ఉన్నాయి, ఏ ఇబ్బందీ లేదంది. ఆటోలో బస్టాండుకి బయల్దేరాం. దారిలో అన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూస్తూ, "కండ్లు బాగుండాయంటబ్బా. అట్లయితే చేతులకే ఏమో అయ్యుండాది" అన్నాడు. నలభై ఏళ్ళుగా పోగులు కలిపిన చేతులు అవి. నేను ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పాల్సింది. బస్సు వచ్చింది, ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పి పంపేశాను.

చలి తగ్గాక ఒకరోజు ఫోన్ చేసి, నా దగ్గరున్న ఆ మొదటి పురుగు తెమ్మన్నాడు. తీసుకెళ్ళాను. ఒకసారి పోల్చి చూస్తాడేమో అనుకున్నాను. ఆయన దాన్ని బిగింపులో పెట్టి, సూది తీసుకుని, ముడి దగ్గర నుంచి విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ లెక్కపెట్టి, దారాన్ని తెల్ల గుడ్డ మీద వరసగా పరుస్తున్నాడు. ఈక తీసి వెలుతురుకి ఎత్తి చూసి ఒక పక్కన పెట్టాడు. జరీ పోగు తీసి వేలి మీద ఆనించి పొడవు కొలిచాడు. తాను కట్టిన వాటన్నిట్లో ఆయన గొప్పదనుకున్నది అదొక్కటే, దాన్ని ఆనవాలు లేకుండా ఊడదీస్తున్నాడు, తన చేతులు ఆ రోజు ఏం చేశాయో తెలుసుకోవడానికి. ముల్లు మాత్రమే మిగిలింది. అందులో ఏమీ కనబడక నా వైపు చూశాడు.

"అన్నా, ఆ చేప పిల్లల మీద ఉండింది" అన్నాను.

మగ్గాలు ఆడుతున్నాయి, వినబడలేదేమో అనుకున్నాను. వినబడింది. ఆయన సూది గుడ్డ మీద పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు.

"పిల్లలేమైనాయి?" అన్నాడు.

"జిలేబీలు తినేసినాయి."

"నువ్వు సూసినావా?"

"చూసినానన్నా. అయిపోయేదాకా చూసినాను."

తల ఊపాడు. దారం ముక్కల్ని గుడ్డలో కలిపి మడిచి పక్కన పెట్టాడు. లోపలి నుంచి వదినమ్మ, "అన్నం పెట్టినా, ఇద్దరూ రాండి" అని పిలిచింది. నేను వెళ్తానని లేస్తే, "తిని పో" అన్నాడు. తిన్నాం. ఏం కూరో నాకు గుర్తు లేదు.

పదిహేను రోజుల్లోపే అన్న మళ్ళీ కప్ప ఆకారం పురుగు కట్టడం మొదలుపెట్టాడు. చేతులకి ఏమీ కాలేదు, మావాళ్ళకి మళ్ళీ చేపలు పడ్డాయి. జరిగింది ఆయన ఒక్కరికీ చెప్పలేదు. వదినమ్మకి కూడా చెప్పినట్టు లేదు. ఇప్పటికీ గట్టు మీద ఎవరైనా, సార్ ఆ రోజు నల్ల పురుగుతో మూడు కిలోలది పట్టినాడని కొత్తవాళ్ళకి చెబుతుంటే, అన్న పక్కనే కూర్చుని దారం తీసుకుంటూ ఉంటాడు. నన్ను బయటపెట్టడు. నేనూ నోరు తెరవను. ఇప్పుడైనా తెరవాల్సింది గ్రూపులోనే గానీ కాగితం మీద కాదని నాకు తెలుసు. అయినా కాగితమే తేలికగా ఉంది.

నేను వెళ్తే ఇప్పటికీ ఆదరిస్తాడు. టీ తెప్పిస్తాడు, బీపీ ఎట్లా ఉందని అడుగుతాడు, వచ్చేటప్పుడు జేబులో రెండు పురుగులు పెడతాడు. ఎట్ల కొరికింది అని మాత్రం అడగడు. అందరినీ అడుగుతాడు, నన్ను అడగడు. మొదట్లో అడగకపోయినా నేనే చెప్పేవాణ్ణి. నీళ్ళు ఇలా ఉన్నాయి, పక్క నుంచి వచ్చింది, పెదవితో తట్టి వదిలేసింది, అంతా నిజం, ఒక్క అక్షరం కల్పన లేదు. "అట్లనా" అని వినేవాడు. మర్నాడు కట్టిన దాంట్లో ఏమన్నా మారిందేమోనని పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. నేను చెప్పిన దాన్ని బట్టి ఇంతవరకు ఒక్క చుట్టు పెంచలేదు, ఒక్క ఈక తీయలేదు. కొన్నాళ్ళు పోతే అన్నీ సర్దుకుంటాయని రెండేళ్ళుగా ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆయన ఎప్పుడో సర్దుకున్నాడు, నా మాట అక్కర్లేకుండానే.